చేతులున్నాయి, ముఖమేది?

పోయిన దసరా సెలవుల్లో మా బళ్ళో చదువుకుని వెళ్ళిన ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. మా వాడ పిల్లే. ఇప్పుడు ఒక డిజైన్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నది. పేరు రాయను, కాలేజీ పేరూ రాయను. ఇంకా మార్కులు పడవలసిన పిల్ల. చంకలో పెద్ద నల్ల ఫైలు పెట్టుకుని వచ్చి, "సార్, నా ప్రాజెక్టులు చూస్తారా? ఇంట్ల ఎవ్వలకీ చూపియ్యలే" అన్నది.

నేను సోషల్ చెప్పే పంతుల్ని. బొమ్మల సంగతి నాకేం తెలుస్తుంది అనుకున్నాను. రెండు గంటలు కూర్చున్నాక తెలిసింది, ఆ ఫైల్లో ఉన్నది బొమ్మల సంగతి కాదు, మన సంగతే. అందుకే మన పత్రికకి రాస్తున్నాను. భూమి సంగతి, కూలి సంగతి, కేసుల సంగతి రాయవలసిన పేజీల్లో బొమ్మల గొడవ ఏంది అని కొందరు మిత్రులు అడుగుతారు. అడగనీ. చదివి అడగండి.

డిజైన్ చదువంటే బట్టలు కుట్టే చదువని మా ఊళ్ళో చాలామంది అనుకుంటున్నారు. వాళ్ళమ్మ కూడా కూలికి పోయిన కాడ అట్లే చెప్తుందట, వివరం చెప్పలేక. కాదు. పొద్దున లేచి మనం పట్టుకునే పేస్టు డబ్బా మీది అక్షరాలు, బస్సు రంగు, బిస్కెట్ పొట్లం మీది పాప, బ్యాంకు గోడ మీది గుర్తు, ఇవన్నీ ఎవరో కూర్చుని గీసినవే. స్టేట్ బ్యాంకు నీలి గుండ్రం, దాని కింద చిన్న చీలిక, అది 1971లో శేఖర్ కామత్ అనే డిజైనర్ గీశాడు. రూపాయికి ఇప్పుడున్న గుర్తు 2010లో ఉదయకుమార్ అనే తమిళుడు గీసింది. ఆస్పత్రి గోడ మీద ఎర్ర త్రికోణం చూసి చదువురాని ముసలమ్మ కూడా ఇది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సంగతి అని చెప్పేది. గుర్తుకి అంత బలం ఉంది.

మనకైతే గుర్తు కొత్త కాదు. 1951-52లో మొదటి ఎన్నికలు జరిగినప్పుడు దేశంలో ఎక్కువమందికి చదువు రాదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. ఆ ఎన్నికల్లో బాబాసాహెబ్ షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ నిలబడింది ఏనుగు గుర్తు మీద. తర్వాత కాన్షీరామ్ గారి పార్టీ కూడా ఆ ఏనుగునే తెచ్చుకుంది. పేరు చదవలేని మన తాతలు ఆ బొమ్మని చదివారు. అట్లాంటి పనినే ఇప్పుడు కాలేజీలో బ్రాండింగ్ అంటున్నారు. కథకి, పాఠానికి బొమ్మ గీయడాన్ని ఇలస్ట్రేషన్ అంటున్నారు. మా పిల్ల ఫైల్లో ఈ రెండింటి ప్రాజెక్టులూ ఉన్నాయి.

ముందు బొమ్మల ప్రాజెక్టు. క్లాసుకి ఇచ్చిన అంశం "నా చిన్ననాటి వంటిల్లు". తోటి పిల్లలు ఏం గీశారో ఫోన్లో ఫొటోలు చూపించింది. ఇత్తడి గిన్నెలు, ఊరగాయ జాడీలు, పెరట్లో తులసి కోట, కిటికీలోంచి పడే ఎండ, మడి చీర కట్టిన అమ్మమ్మ. బాగా గీశారు, తప్పు పట్టను. ఎవరి ఇల్లు వాళ్ళు గీసుకున్నారు. మా పిల్ల కూడా తన ఇల్లే గీసింది. గుడిసె ముందర మూడు రాళ్ళ పొయ్యి. మసిబారిన సత్తు గిన్నె. రెండు గుంజల మధ్య తీగ, తీగ మీద ఆరేసిన కూర తునకలు. కింద ఒక చిన్న పిల్ల కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ కూర్చుంది. ఆ పిల్ల తనే. నేనూ చిన్నప్పుడు ఆ డ్యూటీ చేసినవాణ్ణే. ఒక్క తునక కాకి ఎత్తుకుపోతే అవ్వ వీపు పగలగొట్టేది. ఆ బొమ్మ చూడగానే నాకు నోట్లో నీళ్ళూ, కంట్లో నీళ్ళూ ఒక్కసారే వచ్చాయి.

వాళ్ళ సారు ఏమన్నాడు? గీత బాగుంది అన్నాడు. కాని ఇందులో వంటిల్లు ఏదీ, గోడలే లేవు గదా అన్నాడు. తీగ మీద ఉన్నది ఏంది అని అడిగి, చెప్పింది విని, "ఇది చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది. అందరికీ కలిసేటట్టు ఏదైనా చూడు, మిరపకాయలు ఆరేసినట్టు గీయొచ్చు గదా" అన్నాడు.

ఆ కాలేజీలో ప్రతి ప్రాజెక్టుకి ఒక నోటుబుక్కు రాయాలట, ఏం ఆలోచించి చేశావు, ఎక్కడ తడబడ్డావు అని. ఆ నోటుబుక్కులో ఆ రోజు పేజీ మీద మా పిల్ల ఒక్క వాక్యం రాసింది: "మా ఇంట్ల వంటిల్లు లేదు, వంట ఉంది."

ఆ సారు చెడ్డవాడు కాదు. పిల్లకి రంగుల డబ్బాలు తన డబ్బుతో కొనిచ్చినవాడే. ఆయన నోట్లోంచి వచ్చిన "అందరికీ" అనే మాట చూడండి. ఆ అందరిలో ఎవరున్నారు? మిరపకాయలు ఆరేసుకునేవాళ్ళు అందరూనట, తునకలు ఆరేసుకునేవాళ్ళు కొందరేనట! లెక్కల్లో మనం ఎక్కువే అయినా "అందరి"లో మాత్రం లేము.

ఇది ఆ కాలేజీలో మొదలైంది కాదు. నా చేతిమీదుగానే మొదలైంది, ఆ మాట ఒప్పుకోవాలి. మా బడి గోడకి అక్షరాల చార్టు ఉంది. ఋ కి ఋషి, య కి యజ్ఞం, వీణలో ణ. మా వాడ పిల్లలు ఋషిని చూశారా, యజ్ఞం చూశారా, వీణ ముట్టుకున్నారా? ఇన్నేళ్ళుగా ఆ చార్టు కింద నిలబడి బెత్తంతో చూపించి పలికించినవాణ్ణి నేనే. ఒక్కనాడు కూడా దాన్ని మార్చి గీయిద్దామన్న ఆలోచన రాలేదు. హాస్టల్లో ఉన్నప్పుడు చందమామ దొరికితే చిరిగిన పేజీలు కూడా వదలకుండా చదివేవాణ్ణి. శంకర్ గీసిన బేతాళుడి బొమ్మ చూసి రాత్రి బయటికి పోవడానికి భయపడ్డాను. గొప్ప చెయ్యి, కాదనను. కాని ఆ ఊళ్ళలో పేద బ్రాహ్మణుడు ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు, రాజుగారున్నారు. ఊరికి పడమట ఉన్న మా ఇల్లు ఏ బొమ్మలోనూ కనబడలేదు. తెలుగునాట అందమైన పిల్లని బాపు బొమ్మలా ఉంది అంటారు. మా వాడలో ఏ పిల్లనీ ఎవరూ అట్లా అనగా నేను వినలేదు.

అట్లాగని మనకి బొమ్మ లేదా? ఉంది. చేర్యాల నకాషీ వాళ్ళు పటం గీసేవారు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, ఒక్కో పటం. మాదిగల దగ్గరికి డక్కలి వాళ్ళు జాంబపురాణం పటం తెచ్చి, కట్టెకి వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మ విప్పుతూ కథ చెప్పేవారు. ఆది జాంబవుడు అందరికన్న ముందు పుట్టినవాడని ఆ పటం చెప్పేది. ఇలస్ట్రేషన్ అన్న ఇంగ్లీషు మాట మన నోటికి రాకముందే బొమ్మల కథ మన వాకిట్లోకి వచ్చింది. ఇప్పుడు చేర్యాల బొమ్మలు హైదరాబాదు పెద్ద హోటళ్ళ గోడలకి పోయాయి. జాంబపురాణం పటం విప్పేవాళ్ళు మా మండలంలో అయితే నాకు కనబడటం లేదు.

ఆ పిల్ల బెదిరి ఊరుకోలేదు. లైబ్రరీలో 'భీమాయన' అనే పుస్తకం పట్టుకుంది. 2011లో నవయాన వాళ్ళు వేసింది, బాబాసాహెబ్ జీవితం బొమ్మల్లో. గీసినవాళ్ళు మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండులు, దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు. నాకు ఆ పిల్ల పేజీ పేజీ తిప్పి చెప్పింది. మామూలు బొమ్మల కథల్లో గళ్ళు గళ్ళుగా డబ్బాలు ఉంటాయి, ఒక్కో డబ్బాలో ఒక్కో బొమ్మ. వ్యామ్ దంపతులు డబ్బాలు గీయం అన్నారట. మనుషుల్ని డబ్బాల్లో కుక్కితే ఊపిరాడదు అన్నారట. ఇంక మాటలు చూడండి. మంచివాళ్ళ మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. "నీళ్ళు ముట్టకు, దూరం జరుగు" అనేవాళ్ళ మాటకి తేలు కొండి ఉంటుంది! చదువురాని మనిషికి కూడా ఆ మాట కుడుతుందని తెలిసిపోతుంది. నేను ముప్పై ఏళ్ళుగా మీటింగుల్లో విన్న ఉపన్యాసాల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

ఆ పుస్తకం చూశాక మా పిల్ల తన బొమ్మలో తునకలు తీసెయ్యలేదు. మిరపకాయలు పెట్టలేదు. కాకుల్ని పెద్దవి చేసింది, అంతే.

ఇంక రెండోది, బ్రాండింగ్. దీని దగ్గర కొంచెం ఆగాలి.

బ్రాండ్ అనే ఇంగ్లీషు మాటకి మూలం కాల్చడమట. ఎర్రగా కాల్చిన ఇనుముతో పశువుకి వాత పెట్టి ఇది ఫలానా వాడి సొమ్ము అని చెప్పడం. మనకీ ఆ మాట ఉంది గదా, అచ్చోసిన ఆంబోతు అని. ఈ లెక్కన చూస్తే దేశంలో మొట్టమొదట బ్రాండ్ వేయించుకున్న మనుషులం మనమే. 1936లో బాబాసాహెబ్ కులనిర్మూలన పుస్తకంలో రాశారు, పేష్వాల రాజ్యంలో అంటరానివాడు ముంజేతికో మెడకో నల్లదారం కట్టుకోవాలి, పూనాలో అయితే నడుముకి చీపురు, మెడలో ముంత. ఎవడు పొరపాటున కూడా ముట్టుకోకుండా గుర్తు. మన హోటళ్ళలో వేరే గ్లాసు కూడా గుర్తే. ఊళ్ళో పేరు చివర అయ్య తీసి గాడు చేర్చడమూ గుర్తే. ఎవరూ లోగో అనలేదు, కాని నూరేళ్ళు చెరగని లోగోలు అవి.

ఆ వాతని తిప్పికొట్టినవాళ్ళూ మనవాళ్ళే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోర మొదలైనప్పుడు ఏం చేశారు? తిట్టుగా వాడే కులం పేరుని ఇంటిపేరు లాగా తమ పేరు వెనక తామే పెట్టుకున్నారు. భుజానికి డప్పు వేసుకున్నారు. సిగ్గుపడమన్న చోటనే ఛాతీ విరిచారు. దండోర రాజకీయాల మీద మనలో మనకి వాదనలు ఉన్నాయి, అవి ఈ వ్యాసంలో తేలేవి కావు. గుర్తుని ఎట్లా లాక్కోవాలో నేర్పింది మాత్రం వాళ్ళే.

మా పిల్లకి ఇచ్చిన పని, ఒక చేతివృత్తిని తీసుకుని దానికి పేరు, గుర్తు, డబ్బా, ప్రకటన తయారు చేయడం. ఆమె వాళ్ళ తాత చెప్పుల్ని తీసుకుంది. తాత ఈ చుట్టుపక్కల కిర్రు చెప్పులు కుట్టే ఆఖరి మనిషి. ఒకప్పుడు లంద తనే వేసేవాడు. సున్నంలో నానబెట్టి బొచ్చు తీసి, తంగేడు చెక్కలో తోలు పండబెట్టేవాడు. ఇప్పుడు ఒంట్లో సత్తువ లేదు, తోలు బయట కొంటాడు. ఆరె, రంపె, గూటం మాత్రం అవే. జతకి ఏడు వందలు అడిగితే నాలుగు వందలకి బేరం చేస్తారు. అదే మనిషి టౌనుకి పోయి బేరం లేకుండా రెండువేలు పెట్టి బూట్లు కొనుక్కొస్తాడు.

క్లాసులో ఏం జరిగిందో వినండి. పేరు దగ్గర ముందు గొడవ. పిల్ల వాళ్ళ తాత పేరే పెడతానన్నది. ఊరి పేరు లాగుంది, బరువు లేదు, సంస్కృతం పేరేదైనా చూడు అన్నారు. పాదుక అంటే ఎట్లా ఉంటుంది అన్నారు. అయ్యా, పాదుక గొప్పదే! సింహాసనం ఎక్కి పధ్నాలుగేళ్ళు రాజ్యమేలింది. పాదుక సింహాసనం మీద, దాన్ని కుట్టినవాడు ఊరి బయట. ఈ కథ మనకి కొత్తగా చెప్పాలా?

తర్వాత బొమ్మ. డబ్బా మీద వేయడానికి తాత ముఖం గీసింది. నెరిసిన మీసం, చెవికి పోగు, దారంతో కట్టుకున్న కళ్ళజోడు. ముఖం వద్దు, చేతులు చాలు అన్నారు. అది పద్ధతట. చేతివృత్తి సరుకు ఏది చూసినా అంతేనని పిల్ల ఇంటర్నెట్లో ఏరి ఒక పేజీ నిండా అంటించింది. మగ్గం మీద చేతులు, సారె మీద చేతులు, తోలు మీద చేతులు. గోళ్ళలో మట్టి, ముడతలు, దగ్గర్నుంచి తీసిన ఫొటోలు. ఒక్కదానికీ తల లేదు! కొనేవాళ్ళకి చెయ్యి ముచ్చటగా ఉంటుంది. ముఖం ఉంటే అది తిరిగి చూస్తుంది, ఎంత ఇచ్చావు అని అడుగుతుంది.

అప్పుడు ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. దసరాకి రెండు నెలల ముందు సంగతి. ఏం చెయ్యమంటారు సార్ అని అడిగింది. నేనేం చెప్పానో రాస్తాను, దాచుకుని లాభం లేదు. "వాళ్ళు చెప్పినట్టు చెయ్యమ్మా. ముందు పాసవ్వు. ఫీజు డబ్బులు గవర్నమెంటు నుంచి ఇంకా రాలేదు, మీ నాయన అప్పు చేసి లాప్‌టాప్ కొన్నాడు. డిగ్రీ చేతికొచ్చాక నీ ఇష్టం వచ్చిన ముఖం గీసుకో" అన్నాను. మీటింగుల్లో తల ఎత్తుకోండి అని గొంతు చించుకునేవాణ్ణి ఫోన్లో తల తీసెయ్యమన్నాను. నాకూ నా చదువుకాలంలో ఇట్లాగే చెప్పారు, నేనూ అట్లాగే పాసయ్యాను. అదే మాట తిరిగి నా నోట వచ్చింది. పిల్ల సరే సార్ అని పెట్టేసింది. నా మాట వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

ఇటలీ కంపెనీ ప్రాడా సంగతి కొందరు వినే ఉంటారు. 2025 జూన్‌లో మిలాన్ నగరంలో మగవాళ్ళ ఫ్యాషన్ షోలో కొల్హాపురి చెప్పుల్లాంటివే తొడిగి నడిపించారు. తోలు చెప్పులు అన్నారు తప్ప కొల్హాపూర్ మాట ఎత్తలేదు. ఆ చెప్పులకి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకి కలిపి. ఆ హక్కు రెండు రాష్ట్రాల చర్మకార కార్పొరేషన్ల పేరు మీద ఉంది. ఒకదానికి సంత్ రోహిదాస్ పేరు, ఇంకోదానికి బాబూ జగ్జీవన్‌రామ్ పేరు. దేశంలో గొడవ అయ్యాక కంపెనీ ఒప్పుకుంది, అవును అక్కడి నుంచే తీసుకున్నాం అని. డిసెంబరులో ఆ కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుని రెండువేల జతలు ఇక్కడే చేయిస్తామన్నారు. జత దాదాపు 800 యూరోలు, మన లెక్కలో 80 వేలు దాటుతుంది.

టీవీల్లో అప్పుడు ఏమన్నారు? భారతదేశ వారసత్వాన్ని దొంగిలించారు అన్నారు. మన సంస్కృతి, మన గౌరవం అన్నారు. చంభార్లు, ఢోర్లు, సమగారలు అనే మాట ఎంతమంది నోట వచ్చింది? చెప్పు దొంగ విదేశీవాడైతే అది దేశానిది. చెప్పు కుట్టినవాడు గుడి మెట్టెక్కితే మాత్రం వాడిది వాడ! 2016లో గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనవాళ్ళని కట్టేసి కొట్టినప్పుడు ఆ తోలు వారసత్వం అని ఎవరూ అనలేదు.

కులం పేరు దాచకుండా సరుకు అమ్మినవాళ్ళు లేకపోలేదు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ గారు దళిత్ ఫుడ్స్ అని కారం, పసుపు, పచ్చళ్ళు అమ్మకానికి పెట్టారు. మనం ముట్టిన కూడు తింటారా అన్న ప్రశ్నని ప్యాకెట్ మీదే అచ్చేశారు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ చమార్ స్టూడియో అని పెట్టాడు. 2015లో మహారాష్ట్రలో గోవధ చట్టం బిగించాక తోలు పని దెబ్బతిన్నవాళ్ళతో పాత రబ్బరు తెచ్చి సంచులు కుట్టించాడు. తిట్టుమాటని ఖరీదైన సంచి మీద వేశాడు. మా పిల్లకి ఇవన్నీ తెలుసు. అందుకే డబ్బా మీద తాత పేరు పక్కన కులం పేరు కూడా పెట్టాలని పట్టుబట్టింది. క్లాసు ఒప్పుకోదని తెలుసు. తాత ఒప్పుకోడని మాత్రం అనుకోలేదు.

ఆ రోజు నా ముందరే జరిగింది. ఫైలు తీసుకుని ఇద్దరం వాళ్ళింటికి పోయాం. పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందు చేతుల బొమ్మ ఉన్న డబ్బా చూపించింది, కాలేజీ వాళ్ళు అడిగింది. తిప్పి తిప్పి చూశాడు.

"చేతులున్నయి గని, నా మొకమేది బిడ్డా?"

"మొకం వద్దన్నరు తాతా."

"ఎందుకట? మొకం ఏం పాపం జేసింది?"

అప్పుడు రెండో డబ్బా తీసింది, ముఖం ఉన్నది. ముసలాయన ముఖం విప్పారింది. కళ్ళజోడు దారం కూడా గీసినవా అని నవ్వాడు. కింద అక్షరాలు ఏమని రాసినవ్ అని అడిగాడు. చదివి చెప్పింది. నవ్వు పోయింది.

"పేరు రాయి. ఊరు రాయి. కులం ఎందుకు రాస్తవ్? ఊరంత తెలిసిందే, డబ్బ మీద గూడ ఎందుకు?"

"దాసుకుంటే ఇంక చిన్నగ చూస్తరు తాతా. మనమే చెప్పుకోవాలె."

"నువ్వు పట్నంల చెప్పుకుంటవ్ బిడ్డా. నేను ఈడ అమ్ముకోవాలె."

పిల్ల నా వైపు చూసింది. నేనేం చెప్పను? ఉద్యమం చెప్పే మాట పిల్ల వైపుంది. నలభై ఏళ్ళు తలుపు బయట నిలబడి చెప్పులు అమ్మిన అనుభవం తాత వైపుంది. ఆ క్షణంలో నాకు తోచింది చెప్పాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. ఎవరి పేరు ఎక్కుతుందో, ఎవరి ముఖం ఎక్కుతుందో వాళ్ళదే ఆఖరి మాట. కాలేజీది కాదు, కొనేవాడిది కాదు, మన సంఘానిదీ కాదు, ప్రేమతో గీసిన మనుమరాలిది కూడా కాదు. పెద్దాయన కులం దాచుకోవడం నాకు నచ్చలేదు. కాని ఆయన అడగకుండా ఆయన మీద మనం అచ్చేస్తే అది వాతే అవుతుంది, ఎంత మంచి ఉద్దేశంతో వేసినా.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. మన దేశంలో డిజైన్ చదువు ఎట్లా మొదలైందో పిల్ల నోటుబుక్కులో రాసుకుంది. 1958లో ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు వచ్చి దేశం తిరిగి ఒక నివేదిక రాశారు. దాన్ని పట్టుకునే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ పెట్టారు. ఆ నివేదికలో వాళ్ళు అన్నిటికంటే మెచ్చుకున్న వస్తువు మన నీళ్ళ చెంబు. ఆ చెంబుని ఎట్లా ఆలోచించాలో ప్రశ్నలు వరసగా రాశారు. ఎన్ని నీళ్ళు పట్టాలి, నెత్తిన మోస్తారా చంకన మోస్తారా, మోసే చేతులు ఆడవా మగవా, అరచేతిలో ఎట్లా ఇముడుతుంది, ఖాళీగా ఉంటే బరువు ఎటు ఒరుగుతుంది, తడితే ఎట్లా మోగుతుంది, ఖరీదెంత. ఎంతో సూక్ష్మంగా చూశారు. ఆ చేతులు ఏ కులానివి అన్న ప్రశ్న ఒక్కటి లేదు. మహద్ చెరువు దగ్గర 1927లో వేలమంది నడిచింది ఆ ప్రశ్న మీదనే. 1985 జూలైలో కారంచేడు చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తింది ఆ ప్రశ్న మీదనే. ఆ బిందె మోత ఎట్లా ఉంటుందో మనకి తెలుసు. ఈమ్స్ దంపతులు పరాయి దేశం వాళ్ళు, వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు. అరవై ఏళ్ళు దాటినా ఇక్కడివాళ్ళు ఆ వరసలో ఆ ప్రశ్న చేర్చకపోతే ఎవరిని అడగాలి? మన పిల్లలు ఆ కాలేజీల్లోకి పోవాలి అంటున్నది అందుకే. ఎన్ఐడిల్లో, ప్రభుత్వం నడిపే ఇట్లాంటి సంస్థల్లో రిజర్వేషన్ సీట్లు ఉన్నాయి. మన హైస్కూలు మాస్టర్లకే ఆ పరీక్ష ఉందని తెలియదు. నాకూ ఈ పిల్ల పోయేదాకా తెలియదు. బాగా బొమ్మలు వేసే పిల్ల కనబడితే సైన్సు రికార్డులో కప్ప బొమ్మ వేయించుకుని వదిలేస్తాం.

ఇప్పుడు మన ఇంటి సంగతి. కాలేజీని, కంపెనీని తిట్టి ఊరుకుంటే సగం నిజమే అవుతుంది. ఏప్రిల్ 14 వస్తే మనం వేయించే ఫ్లెక్సీ ఎట్లా ఉంటుంది? మూలన బాబాసాహెబ్, ఎప్పటి నుంచో కాపీ కొట్టి కాపీ కొట్టి మసకబారిన అదే ఫొటో. ఆయన చుట్టూ ముప్పై తలకాయలు, మండల అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కార్యదర్శి బామ్మర్ది. అక్కడ మాత్రం చేతులు లేవు, ముఖాలే! కాలేజీ వాళ్ళు మన ముఖం తీసేస్తే, మనం మన చేతుల్ని తీసేసుకున్నాం. గుంట తవ్విన మనిషి, దండ కట్టిన ఆడమనిషి, డప్పు కొట్టిన కుర్రాడు, ఒక్కరు ఉండరు. ఫ్లెక్సీ కొట్టువాడికి అడిగినంత ఇస్తాం. మన పిల్ల గీసిస్తానంటే సంతోషం బిడ్డా, సాయంత్రానికి పంపు అంటాం. కూలి మాట ఎత్తం. పోయిన ఏప్రిల్‌లో ఆ పిల్లచేత సభ పోస్టరు గీయించుకుని, ఆమె వేసిన నీలం నచ్చలేదని మా కమిటీ వాళ్ళే కొట్టువాడిచేత గులాబీ పూలు చేర్పించారు. అడగను కూడా అడగలేదు. వెట్టి పోవాలని నినాదం ఇచ్చే నోటితో మనం చేసేది ఏంది మరి?

పిల్ల ప్రాజెక్టు సంగతి చెప్పి ముగిస్తాను. చివరికి డబ్బా మీద తాత ముఖం, తాత పేరు, ఊరి పేరు ఉన్నాయి. కులం లేదు. లోపల మడత కాగితం మీద తోలు ఎట్లా పండుతుంది, జత కుట్టడానికి ఎంత పొద్దు పడుతుంది, తోలుకెంత, కూలి ఎంత, అసలు ధర ఎందుకు ఏడు వందలు అన్నది బొమ్మల్లో గీసింది. బేరం ఆడేవాడి మాటకి తేలు కొండి పెట్టింది. అది ఎక్కడి నుంచి నేర్చుకుందో నోటుబుక్కులో రాసింది, దాచలేదు. జ్యూరీ అని నలుగురు కూర్చుంటారట మార్కులు వేయడానికి. ఒకాయన ఇది బ్రాండ్ కాదు కరపత్రం అన్నాడట. బయటి నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం ఈ చెప్పులు నా కొలతకి దొరుకుతాయా అని అడిగిందట. మార్కులు మధ్యరకంగా వచ్చాయి. పాసయింది.

ఆ మధ్యరకం మార్కుల గురించి పిల్లకి కొంచెం బాధ ఉంది, లేదనను. స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లకి మార్కు అంటే బియ్యం గింజ లాంటిది.

సంక్రాంతికి మళ్ళీ వస్తున్నది. మా బడి అక్షరాల చార్టు మార్చి గీస్తానన్నది. డ కి డప్పు, త కి తంగేడు, ల కి లంద. ఋ కి ఏం గీయాలో ఇద్దరికీ తోచడం లేదు, మీకు తోస్తే పత్రిక అడ్రసుకి కార్డు రాయండి. కమ్యూనిటీ హాలు లోపలి గోడ మీద జాంబపురాణం గీయాలని కూడా అడిగాను. రంగుల ఖర్చు, ఆమె కూలి కలిపి కమిటీ తీర్మానం చేసింది, ఈసారి ముందే చేసింది. గోడకి సున్నం కొట్టించాలి. నిచ్చెన మన దగ్గర లేదు, ఎవరినన్నా అడగాలి.